విదేశీ ఆన్‌లైన్ ఆర్డర్లపై కస్టమ్స్ పన్నులు, ఛార్జీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ సైట్‌లో ఏదో కొంటాం, కార్డుతో డబ్బు కట్టేస్తాం. వస్తువు ఇండియాలో దిగాక కొరియర్ వాళ్ల మెసేజ్ వస్తుంది, ఇంకో మూడు వేలు కడితేనే పార్శిల్ కదులుతుందని. ఆ మూడు వేలు ఎవరికి పోతున్నాయి, ఎందుకు పోతున్నాయి, అందులో ఎంత న్యాయం అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. సుంకం రేట్లు దాదాపు ప్రతి బడ్జెట్‌లోనూ మారుతుంటాయి కాబట్టి రేటు కంటే లెక్క కట్టే పద్ధతి తెలుసుకోవడం మేలు.

సైట్‌లో మొత్తం డబ్బు కట్టేశాను కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?

మీరు కట్టింది వస్తువు ధర, రవాణా ఖర్చు. దేశంలోకి సరుకు వచ్చినందుకు కట్టాల్సిన పన్ను వేరు. చట్టం దృష్టిలో ఆ సరుకును దిగుమతి చేసుకున్నది అమ్మినవాడు కాదు, మీరే. అందుకే బిల్లు మీ పేరు మీద వస్తుంది.

కొన్ని పెద్ద సైట్లు ఆర్డర్ సమయంలోనే దిగుమతి ఛార్జీల కింద కొంత డిపాజిట్ తీసుకుంటాయి. అలా తీసుకుంటే తర్వాత సాధారణంగా ఎవరూ అడగరు. అసలు సుంకం తక్కువైతే మిగిలింది వెనక్కి ఇచ్చే సైట్లూ ఉన్నాయి. చిన్న సెల్లర్లు మాత్రం ఈ సంగతి ఎక్కడో పేజీ అడుగున ఒక్క లైన్‌లో రాసి ఊరుకుంటారు. "డీడీపీ" అని ఉంటే సుంకం వాళ్లే కడతారు. "డీడీయూ" లేదా "డీఏపీ" అని ఉంటే మీరు కట్టాలి. ఏమీ రాయకపోతే మీరే కట్టాలని అనుకోండి.

ఎంత విలువ దాకా పన్ను ఉండదు?

కొన్న వస్తువులకు మన దేశంలో అలాంటి పరిమితి లేదు. ఐదు వేల లోపు అయితే ఏమీ పడదని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. అది గిఫ్టులకు ఒకప్పుడు ఉన్న మినహాయింపు. కొనుగోళ్లకు అది ఎప్పుడూ వర్తించలేదు, ఇప్పుడు గిఫ్టులకు కూడా లేదు. మిగిలిందల్లా కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ 6వ ఉపవిభాగం ఇచ్చే చిన్న వెసులుబాటు. మొత్తం సుంకం 100 రూపాయలు లేదా అంతకంటే తక్కువ తేలితే వసూలు చేయరు. వంద రూపాయలన్నది సుంకం, వస్తువు ధర కాదు. అంటే మూడు నాలుగు వందల రూపాయల వస్తువులు మాత్రమే ఇలా గట్టెక్కుతాయి.

మా ఫ్రెండ్‌కి పోయినసారి ఏమీ పడలేదే అంటారా? చిన్న కవర్లలో వచ్చే ప్రతి వస్తువునూ విప్పి చూడరు కాబట్టి కొన్ని అలా వచ్చేస్తాయి. అది మినహాయింపు కాదు, అదృష్టం. దాన్ని నమ్ముకుని పెద్ద ఆర్డర్ పెట్టకండి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య గిఫ్ట్‌గా పంపాడు. దానికీ పన్నేనా?

అవును. 2019 డిసెంబర్‌లో కేంద్రం గిఫ్ట్ మినహాయింపును ఎత్తేసింది. చైనా సైట్లు అమ్మిన సరుకునే గిఫ్ట్ అని రాసి గుట్టలుగా పంపడం ఆ నిర్ణయానికి ప్రధాన కారణం. అప్పటి నుంచి పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరుతో పన్ను లేకుండా రాగలిగినవి రెండే రకాలు: ప్రాణరక్షక మందులు, రాఖీలు. రాఖీతో పాటు పంపే బహుమతులకు ఇది వర్తించదని ఆ ఉత్తర్వులోనే రాశారు. మిగతా గిఫ్టులు పంపడం నేరమేమీ కాదు, పూర్తి సుంకం కట్టి తీసుకోవచ్చు.

అన్నయ్యే ఇండియా వస్తున్నప్పుడు సూట్‌కేస్‌లో తెస్తే అది వేరే లెక్క. ప్రయాణికుల సామానుకు ఒక పరిమితి దాకా సుంకం ఉండదు. 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక ల్యాప్‌టాప్‌ను ఆ పరిమితితో సంబంధం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ సౌకర్యం మనిషి వెంట వచ్చే సామానుకే, పార్శిల్‌కు కాదు.

లెక్క ఎలా కడతారు?

మూడు మెట్లు. మొదట ప్రాథమిక కస్టమ్స్ సుంకం. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. తర్వాత సరుకు విలువ, సుంకం, సర్‌ఛార్జి ఈ మూడూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ. చాలామంది పొరబడేది ఈ మూడో మెట్టు దగ్గరే. పన్ను మీద పన్ను పడుతుంది కాబట్టి శాతాలను ఊరికే కూడితే సరిపోదు.

రవాణా, బీమా కలిపి సరుకు విలువ 10,000 రూపాయలు అనుకుందాం. ప్రాథమిక సుంకం 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం ఉన్న వస్తువు. సుంకం 1,000. సర్‌ఛార్జి 100. ఇప్పుడు 11,100 మీద 18 శాతం అంటే 1,998. మొత్తం 3,098 రూపాయలు. పది, పద్దెనిమిది కలిపి 2,800 అనుకున్నవాళ్లకు ఇక్కడే మూడొందల తేడా వస్తుంది. అదే వస్తువుకు ప్రాథమిక సుంకం 20 శాతం ఉంటే 2,000, 200, 2,196 కలిపి 4,396 అవుతుంది. సుంకం రేటు 10 నుంచి 20 శాతానికి పెరిగితే బిల్లు సరుకు విలువలో దాదాపు 13 శాతం మేర ఎందుకు పెరిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నెట్‌లో వెతికితే 42.08 శాతం అనే అంకె చాలాచోట్ల కనిపిస్తుంది. 10 శాతం సుంకం, దాని సర్‌ఛార్జి, పైన 28 శాతం ఐజీఎస్టీ కలిస్తే వచ్చే మొత్తం అది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారి, 28 శాతంలో ఉన్న వస్తువులు చాలావరకు 18లోకి వచ్చాయి. కాబట్టి అంతకుముందు రాసిన జవాబులు చూసి భయపడొద్దు, నమ్మొద్దు కూడా. మీ వస్తువు హెచ్ఎస్ కోడ్ (ఏ రకం సరుకో చెప్పే సంఖ్య) తెలిస్తే కస్టమ్స్ శాఖ వారి ఐస్‌గేట్ సైట్‌లో ఆ రోజు రేటు చూసుకోవచ్చు. కోడ్ చెప్పమని సెల్లర్‌నే అడగండి. సరుకు పంపేటప్పుడు ఎలాగూ వాళ్లు అది రాయాల్సిందే.

షిప్పింగ్ ఛార్జీ మీద కూడా పన్ను వేశారు. అది సరైనదేనా?

సరైనదే. వస్తువు ధరకు రవాణా, బీమా కలిపిన విలువ మీదే సుంకం వేస్తారు. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం, రవాణా తెలియకపోతే 20 శాతం అనుకుని కలుపుతారు.

మనకు పనికొచ్చే రూలు ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. విమానంలో వచ్చిన సరుకుకు మీరు రవాణా ఎంత కట్టినా, సుంకం లెక్కలో దాన్ని వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. 5,000 రూపాయల విడిభాగానికి ఎక్స్‌ప్రెస్ షిప్పింగ్ కింద 3,000 కట్టారనుకోండి, లెక్కలోకి రావాల్సింది 1,000 మాత్రమే. బిల్లులో మూడు వేలూ కలిపేసి ఉంటే కొరియర్ వాళ్లను అడగండి. డిస్కౌంట్ కూపన్ వాడితే ఇన్వాయిస్‌లో తగ్గించిన ధర కనిపించేలా చూసుకోండి. లేకపోతే ఎమ్మార్పీ మీద లెక్క కట్టే ప్రమాదం ఉంది. డాలర్‌ను రూపాయల్లోకి మార్చేది కస్టమ్స్ శాఖ ప్రకటించిన రేటుతో, మీ కార్డు కంపెనీ రేటుతో కాదు. అక్కడ కొద్ది తేడా సహజం.

యూరప్ సైట్లలో కొనేవాళ్లకు ఇంకో మాట. అక్కడ చూపించే ధరలో వాళ్ల వ్యాట్ కలిసి ఉంటుంది, చాలా దేశాల్లో అది 20 శాతానికి అటూ ఇటూ. సరుకు దేశం దాటుతుంది కాబట్టి ఆ వ్యాట్ తీసేసి అమ్మే సెల్లర్లు ఉన్నారు. ఇండియా అడ్రస్ ఇచ్చాక ధర తగ్గిందో లేదో చూడండి. తగ్గకపోతే అడగండి. లేదంటే రెండు దేశాలకూ మీరే పన్ను కడతారు.

బిల్లులో సుంకం కాకుండా ఇంకేవో ఛార్జీలు ఉన్నాయి. అవేంటి?

నా ఉద్దేశంలో జనానికి అసలు కడుపుమంట ఇక్కడే. సుంకం ప్రభుత్వానికి పోతుంది, దానికి చట్టం ఉంది, రేటు ఉంది. ఈ ఛార్జీలు మాత్రం కొరియర్ కంపెనీవి. రెండింటినీ కలిపి "కస్టమ్స్ ఛార్జీలు" అని ఒకే మాటగా మెసేజ్ పెడితే, మొత్తం గవర్నమెంట్ తీసుకుంటోందని మనం అనుకుంటాం.

సాధారణంగా కనిపించేవి ఇవి. మీ తరఫున సుంకం ముందుగా కట్టినందుకు అడ్వాన్స్ ఫీజు. కాగితాల పని చేసినందుకు క్లియరెన్స్ ఫీజు. పార్శిల్ గోడౌన్‌లో ఎక్కువ రోజులు ఉంటే నిల్వ ఛార్జీ. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. అడ్వాన్స్ ఫీజుకు చాలా కంపెనీలు కనీస మొత్తం పెట్టుకుంటాయి. అందుకే రెండు వేల రూపాయల వస్తువుకు సుంకం ఆరొందలై, దాన్ని కట్టినందుకు ఫీజు ఏడొందలు అయ్యే వింతలు జరుగుతాయి. తక్కువ ధర వస్తువును ఎక్స్‌ప్రెస్ కొరియర్‌లో తెప్పించుకోవడం దండగ అనేది ఇందుకే.

కట్టే ముందు రెండు అడగండి: సుంకం ఎంత, మీ ఫీజు ఎంత, విడివిడిగా చెప్పమని. ఆ తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం, కాపీ పంపమని. సుంకం ఏ కోడ్ కింద, ఏ విలువ మీద, ఎంత శాతం వేశారో అందులో ఉంటుంది. అది ఇవ్వడానికి తటపటాయిస్తుంటే డబ్బు కట్టడానికి మీరూ తొందరపడొద్దు. కంపెనీ ఫీజుల పట్టిక చాలావరకు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆ పట్టికలో లేని ఫీజు వేస్తే రాతపూర్వకంగా ప్రశ్నించండి. ఫోన్‌లో అరిస్తే లాభం లేదు, ఈమెయిల్ పెట్టాలి.

పార్శిల్ అంది చాలా రోజులైంది. ఇప్పుడు బిల్లు పంపారు. కట్టాలా?

కొన్ని కంపెనీలు ముందు సరుకు ఇచ్చేసి తర్వాత బిల్లు పంపుతాయి. మోసమేమో అనిపిస్తుంది గానీ చాలాసార్లు అది నిజమైన బిల్లే. ట్రాకింగ్ నంబర్ సరిపోతోందా, బిల్ ఆఫ్ ఎంట్రీ ఉందా చూసుకోండి. ఉంటే సుంకం భాగం కట్టక తప్పదు. ఫీజు మీద అభ్యంతరం ఉంటే ఆ భాగం గురించి విడిగా రాయండి.

సెల్లర్ తనంతట తానే విలువ తక్కువ రాశాడు. నాకు మంచిదే కదా?

కాదు. పదివేల వస్తువు మీద "గిఫ్ట్, 10 డాలర్లు" అని రాసి పంపడం కొందరు సెల్లర్లు మీకు చేసే సాయంలా చెబుతారు. పట్టుబడితే జవాబు చెప్పాల్సింది దిగుమతిదారుడు, అంటే మీరు. అధికారులు అదే వస్తువు నెట్‌లో ఎంతకు అమ్ముడవుతుందో చూసి విలువ తిరగరాయగలరు. సరుకు జప్తు చేసి, జరిమానా కడితేనే ఇవ్వొచ్చు కూడా. పైగా దారిలో పార్శిల్ పోతే బీమా వచ్చేది ఆ 10 డాలర్లకే. అసలు విలువే రాయమని ఆర్డర్ పెట్టేటప్పుడే సెల్లర్‌కు మెసేజ్ పెట్టండి, ఆ మెసేజ్ దాచుకోండి.

కొరియర్ కాకుండా మామూలు పోస్టులో తెప్పించుకుంటే ఏమైనా తేడా ఉంటుందా?

సుంకంలో పెద్ద తేడా ఉండదు, ఫీజుల్లో ఉంటుంది. పోస్టల్ శాఖ తీసుకునేది ప్రైవేటు కొరియర్ల అడ్వాన్స్ ఫీజుల ముందు చాలా తక్కువ. పార్శిల్ ముంబయి, ఢిల్లీ, చెన్నై లాంటి చోట్ల ఉండే విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ పరిశీలనకు వెళ్తుంది. సుంకం పడితే పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చినప్పుడు కట్టి తీసుకోవచ్చు, లేదా పోస్టాఫీసుకు వెళ్లి తీసుకోవాలి. ఆలస్యం మాత్రం భరించాలి. వారాలు పట్టొచ్చు. తొందర లేని చిన్న వస్తువులకు పోస్టే నయం.

విలువ మీద అనుమానం వస్తే అక్కడి నుంచి మీకు ఉత్తరం వస్తుంది. ఇన్వాయిస్, డబ్బు కట్టిన ఆధారం, వస్తువు పేజీ స్క్రీన్‌షాట్ జతచేసి వెంటనే జవాబు రాయండి. పట్టించుకోకపోతే పార్శిల్ వెనక్కి పోతుంది.

ట్రాకింగ్‌లో "రిటర్న్ ఫ్రమ్ కస్టమ్స్" అని ఉంది. వెనక్కి పంపేశారా?

టెన్షన్ పడకండి. కస్టమ్స్ వాళ్లు చూసి మళ్లీ పోస్టల్ శాఖకు అప్పగించారని దాని అర్థం. పార్శిల్ మీవైపే వస్తోంది.

ఆధార్, పాన్ అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

దిగుమతి చేసుకునేది ఎవరో నిర్ధారించుకోవడానికి కొరియర్ కంపెనీలు గుర్తింపు, చిరునామా పత్రాలు తీసుకోవాలన్నది నిబంధనే. ఆధార్ ఒక్కటే కాదు, పాస్‌పోర్ట్, ఓటరు కార్డు కూడా పనికొస్తాయి. మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కకుండా కంపెనీ సైట్ మీరే తెరిచి, ట్రాకింగ్ నంబర్ కొట్టి అక్కడ అప్‌లోడ్ చేయండి. కాపీ మీద ఏ పార్శిల్ కోసం ఇస్తున్నారో రాయడం మంచి అలవాటు. సొంత వాడకానికైతే దిగుమతి లైసెన్సు నంబరు అక్కర్లేదు. ఒకే రకం వస్తువులు పదీ ఇరవై తెప్పిస్తే మాత్రం సొంత వాడకం అంటే నమ్మరు.

పన్ను కట్టినా రానివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వీటి విషయంలో పోయేది పన్ను కాదు, వస్తువే. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. పరిశోధన, రక్షణ లాంటి అవసరాలకే మినహాయింపు. పిల్లాడి పుట్టినరోజుకని చైనా సైట్‌లో డ్రోన్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా తెప్పిస్తే పోలీసు కేసు దాకా వెళ్తుంది. విత్తనాలు, మొక్కలకు మొక్కల క్వారంటైన్ పత్రాలు కావాలి. మిద్దె తోటల వాళ్లు ఇక్కడ తరచూ దెబ్బతింటారు. ల్యాప్‌టాప్ అయితే 2023 నాటి ఆంక్షల తర్వాత కూడా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకోవచ్చు, సుంకం కట్టి. సెకండ్ హ్యాండ్‌ది మాత్రం వద్దు.

మందులకు డాక్టర్ చీటీ, ఔషధ నియంత్రణ శాఖ అనుమతి అవసరం. ముందే కనుక్కుని ఆర్డర్ పెట్టండి.

పుస్తకాలకు కూడా పన్ను ఉందా?

2019 బడ్జెట్‌లో విదేశీ అచ్చు పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. కాబట్టి ఇన్వాయిస్‌లో, పార్శిల్ మీద "అచ్చు పుస్తకాలు" అని స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి. ఊరికే "వ్యక్తిగత వస్తువులు" అని ఉంటే ఎక్కువ రేటు పడొచ్చు. డౌన్‌లోడ్ చేసుకునే ఈ-పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, గేమ్స్‌కు కస్టమ్స్ ఉండదు, జీఎస్టీ ఉంటుంది.

సుంకం చూసి కళ్లు తిరిగాయి. పార్శిల్ వద్దని వదిలేస్తే?

వదిలేయొచ్చు. డెలివరీ తీసుకోకముందే, వద్దని రాతపూర్వకంగా చెప్పాలి. అయితే సెల్లర్ మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలని లేదు. రానుపోను రవాణా ఖర్చు పట్టుకునేవాళ్లే ఎక్కువ. కొన్ని సైట్లయితే సుంకం కట్టడానికి నిరాకరిస్తే రీఫండే లేదని షరతుల్లో రాసుకుంటాయి. నిర్ణయం త్వరగా తీసుకోండి, రోజులు గడిచేకొద్దీ నిల్వ ఛార్జీ పెరుగుతుంది.

వస్తువు పాడైపోయి వచ్చింది. తిరిగి పంపితే సుంకం వాపసు వస్తుందా?

చట్టంలో దారి ఉంది. లోపం ఉన్న సరుకును 30 రోజుల్లో తిరిగి ఎగుమతి చేస్తే వాపసు కోరే వీలు 26ఏ సెక్షన్ ఇస్తుంది. కానీ వచ్చిన వస్తువే పోతోందని నిరూపించాలి, ఎగుమతి కాగితాలు సరిగ్గా ఉండాలి. నాలుగైదు వేల వస్తువుకు ఆ తిరుగుడు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. సెల్లర్‌కు ఫొటోలు పంపి, వస్తువు తిరిగి ఇవ్వకుండానే రీఫండ్ అడగడం తేలిక. దూరం వల్ల వాళ్లు కూడా తరచుగా ఒప్పుకుంటారు. ఖరీదైన వస్తువైతే మాత్రం వచ్చిన పెట్టె, బిల్ ఆఫ్ ఎంట్రీ పారేయకుండా ఉంచి, కొరియర్ కంపెనీ ద్వారానే పంపండి.

సుంకం తప్పుగా వేశారనిపిస్తే ఎవరికి చెప్పాలి?

మొదట కొరియర్ కంపెనీకి. కోడ్ తప్పు వేసింది చాలాసార్లు వాళ్లే, ఎందుకంటే మీ తరఫున డిక్లరేషన్ ఇచ్చేది వాళ్లు. డబ్బు కట్టి సరుకు తీసుకోకముందే అడిగితే సరిచేయడం సులువు. అధికారి ఉత్తర్వు మీదే అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో కస్టమ్స్ అప్పీళ్ల కమిషనర్‌కు వెళ్లొచ్చు.

కస్టమ్స్ ఆఫీసర్‌ని అంటూ ఫోన్ వచ్చింది. డబ్బు పంపమంటున్నాడు.

పెట్టేయండి. కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి సొంత ఖాతాకో, యూపీఐ నంబరుకో డబ్బు వేయమని అడగరు. మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లో ఉండండి, ఎవరికీ చెప్పొద్దు అంటే అది నూటికి నూరుపాళ్లు మోసం. ఫేస్‌బుక్‌లో పరిచయమైన విదేశీ స్నేహితుడు ఖరీదైన గిఫ్ట్ పంపాడని, దాన్ని విడిపించడానికి డబ్బు కావాలని చెప్పేది ఇంకో పాత పద్ధతి. నిజమైన కస్టమ్స్ ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సైట్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బు పోయిందంటే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఇక్కడి నుంచి పచ్చళ్లు పంపిస్తే ఆమెను పన్ను అడిగారు. ఇదివరకు లేదే?

లేదు, నిజమే. ఇదివరకు 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అక్కడ సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ సౌకర్యాన్ని అన్ని దేశాలకూ తీసేశారు. ఆ గందరగోళంలో మన పోస్టల్ శాఖ అమెరికా పార్శిళ్ల బుకింగ్‌ను కొన్ని వారాలు ఆపేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టే పద్ధతిలో. వ్యక్తులు వ్యక్తులకు పంపే 100 డాలర్ల లోపు నిజమైన గిఫ్టులకు మినహాయింపు ఉంది. అయితే షాపు నుంచి నేరుగా పంపించి గిఫ్ట్ అంటే కుదరదు, ఎందుకంటే అది అమ్మకం. పార్శిల్ పంపే మనిషి పేరు మీదే ఉండాలి, లోపల ఏముందో, ఎంత విలువో నిజం రాయాలి.

పచ్చళ్లు, కారప్పొడులు, పూతరేకులు, కాజాలు విడివిడిగా పేర్లు రాసి జాబితా పెట్టండి. "ఫుడ్ ఐటమ్స్" అని ఒక్క మాట రాస్తే విప్పి చూసే అవకాశం ఎక్కువ. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఉన్నవి అక్కడ ఆపేస్తారు, వాటితో పాటు ఆ పెట్టెలోని ఆవకాయ కూడా ఆగిపోవచ్చు.